ఎడమ కింది గీత

పొద్దున్నే దొరసామి ఫోను:
"ఖాజా, పాలమిషను కాడ కొట్లాట. బిరబిరా రా."
పలమనేరు నుంచి మొగిలోళ్ళపల్లెకు పదకొండు కిలోమీటర్లు.
బండి డిక్కీలో స్పిరిట్టు, దూది, సన్న స్క్రూడ్రైవరు.
బల్ల మీద గుండెలు విప్పుకున్న మూడు గడియారాలను,
ఒక బీపీ మిషనును అట్లే వదిలేసి బయల్దేరినా.

సెంటరు ముందర క్యాన్లు వరసలోనే ఉండాయి,
మనుషులే వరస తప్పినారు.
"మా ఆవు నిరుడంతా మూడూ ఆరు ఇచ్చింది" అనింది రెడ్డెమ్మ.
"పదిరోజులుగా మూడూ ఐదు.
ఆవు తగ్గిందా, వీడు తగ్గించినాడా?"
దొరసామి రిజిస్టరును రొమ్ముకు హత్తుకుని నిలబడినాడు,
పసిబిడ్డకు దిష్టి తగలకుండా దాచినట్టు.

మిషను వెలుతురుకు తిప్పి చూసినా.
చిటికెనవేలంత బూడిదరంగు కిటికీ.
చివరి అంకెలో ఎడమ కింది గీత పుట్టడంలేదు.
అంతే.
రెండో సున్నానో వచ్చుంటే కుంటిగా కనపడి దొరికిపోయేది.
ఆరు మాత్రం ఆ గీత పోతే
ఏ మచ్చా లేని ఐదవుతుంది.

చెప్పక తప్పలేదు.
రెండు గాజుపలకల నడుమ
వెంట్రుక మందంలో పదోవంతు తడి ఉంటుంది.
నీళ్ళు కాదు. రాయీ కాదు.
మాపటేళ మేతనుంచి మళ్ళిన మందను చూడండి:
ఏ ఆవు ఎక్కడుందో లెక్కలేదు,
తోసుకుంటాయి, దాటుకుంటాయి,
ముఖాలు మాత్రం అన్నీ ఇంటివైపే.
ఆ తడిలో అణువులూ అట్లే.
పారతాయి, దిక్కు మరవవు.
"ద్రవస్ఫటికం అంటారు దీన్ని."
"పేరే పెద్దది, చుక్క చిన్నది" అనింది రెడ్డెమ్మ.
నీ సబ్బుపెట్టె అడుగున జారే బంకా ఈ జాతిదే అంటే
నమ్మలేదు. చెయ్యి మాత్రం కొంగుకు తుడుచుకునింది.

కింది పలక మీద అవి ఒక దిక్కుకు పడుకుంటాయి,
పై పలకకు చేరేసరికి పావుచుట్టు తిరుగుతాయి.
వాటి చెయ్యి పట్టుకుని వెలుగు ఆ మెలికలో దాటుతుంది.
కరెంటు తగిలితే లేచి నిలబడతాయి,
మెలిక విడిపోతుంది, దారి తెలీక వెలుగు ఆగుతుంది.
ఆగిన చోటే నల్లగీత.
అంకె అంటే వెలుగు కాదమ్మా,
ఆపిన వెలుగు.

పాత మిషనుది ఒక పలచని పొర
దొరసామి కూతురు హేమసుధ చేతికిచ్చినా.
కిటికీ మీద పెట్టి తిప్పింది. అంతా నల్లబడింది.
ఇంకా తిప్పింది. అంకెలు తిరిగొచ్చినాయి.
"కన్ను మూసి తెరుస్తా ఉండాది" అనింది.

మూత విప్పినా.
రబ్బరుపట్టీ కింద ఎండిన పాలచుక్క, గోటికొన అంత.
ఒక్క దారికి అడ్డంపడి కరెంటును ఆపింది.
కరెంటు రాక అక్కడ వెలుగు దర్జాగా దాటిపోయింది.
పదిరోజులు అబద్ధమాడింది చీకటి కాదు.
దూదితో తుడిచినా. ఆరు ఆరైంది.
రెడ్డెమ్మ అందరివైపూ ఒకసారి చూసింది.

అప్పుడు నోరు జారినా:
"ఈ గీత పోతే ఎనిమిది కూడా తొమ్మిదవుతుంది."

ఎవరూ మాట్లాడలేదు.
ఆరు ఐదైనోళ్ళే ఇన్నాళ్ళూ అరిచినారు.
ఎనిమిది తొమ్మిదైనోళ్ళు పాలు పోసి,
చీటీ మడిచి, రొంటిన దోపుకుని పోయినారు.
నాగభూషణం తన క్యాను మూత సర్దినాడు,
సరిగ్గానే ఉన్న మూతను.

దొరసామి రిజిస్టరు తెరిచినాడు.
నికరమైన ఐదులు, ఆరు చచ్చిన ఐదులు,
నికరమైన తొమ్మిదులు, ఎనిమిది ఎగబాకిన తొమ్మిదులు
ఒకే సిరాలో, ఒకే చేతిరాతలో.
ఏది ఏదో మిషనుకు గుర్తులేదు.
"నువ్వు చెప్పు ఖాజా" అన్నారు.
నేను అద్దాలు తుడిచేవాణ్ణి.

నూట యాభై తీసుకుని బండి తిప్పుతుంటే
వెనక దొరసామి తరవాతి క్యాను కొలత చదివినాడు:
"మూడూ..."
అక్కడే ఆగినాడు.
అద్దంలోంచి చూసినా, బండి అద్దంలోంచి:
అందరూ తోసుకుంటా ఉండారు,
ముఖాలన్నీ ఆ చిటికెనవేలు కిటికీవైపే.